ఆకు బొమ్మ

“బిర్యాని తెప్పించుకో,” అంది మాసమ్మ.

కుర్మయ్య ఉలిక్కిపడి పెళ్లాం వైపు చూశాడు. తనకు షుగరు బయటపడ్డ ఈ ఏడేళ్లలో వనపర్తి దవాఖానకు వచ్చిన ప్రతిసారీ ఈ హోటల్లోనే తిన్నారు. ఆమెకు చదువు రాదు. మెనూ కార్డులో ఆరోగ్యానికి మంచివాటి పక్కన అచ్చేసిన ఆకు బొమ్మ మాత్రం తెలుసు. దాని మీద వేలు పెట్టి జొన్నరొట్టె చెప్పేది. అతను బిర్యాని పేరెత్తితే కయ్యానికొచ్చేది.

ఇవాళ కార్డు ముట్టనే లేదు.

“నా కిడ్నీల రిపోర్టు చూసి డాక్టరు నిన్నొక్కదాన్నే లోపలికి పిలిచిండు గదా. ఏమన్నడు?”

“మంచిగనే ఉందన్నడు. ఇష్టమైంది తినమన్నడు.” తల ఎత్తకుండా, బల్ల మీద లేని తడిని కొంగుతో తుడుస్తోంది.

కుర్మయ్యకు అర్థమైంది. ఏడేళ్లు నోరూరించిన మసాలా వాసన ఇప్పుడు వద్దనిపించింది. కార్డు తీసి, వడ్డించే మనిషికి ఆకు బొమ్మ చూపించాడు.

“జొన్నరొట్టె తే అన్నా.”

“గదేంది? నేనే తినుమంటుంటే!” మాసమ్మ కార్డు లాక్కోబోయింది.

కుర్మయ్య ఆమె చేయి పట్టుకున్నాడు.

“బిర్యాని కావాలని నేనంటా. నువ్వు ఎప్పటిలెక్క వద్దని కొట్లాడు, మాసమ్మా.”