గోళ్ళు తీసే రోజు

"ఆ వాచ్‌మన్‌ని నువ్వు చంపలేదు. చంపానని ఎందుకు ఒప్పుకున్నావు?"

కాన్వెంటు సిస్టర్ ఆ ఖైదీ ఎడమచెయ్యి వదలకుండానే అడిగింది. జైల్లో ఖైదీల దగ్గర బ్లేడు ముక్క కూడా ఉండకూడదు. అందుకని ప్రతి గురువారం ఆమే వచ్చి, చేతులు వణికే ముసలి ఖైదీలకు గోళ్ళు తీసి వెళ్తుంది. డెబ్బై దాటిన మనిషి. రెండు నెలలు మంచాన పడి, ఇవాళే మళ్ళీ వచ్చింది. వచ్చీ రాగానే ఈ కబురు.

ఖైదీ తలెత్తలేదు. "జడ్జిగారు నమ్మారమ్మా. నిన్న మళ్ళీ యావజ్జీవం వేశారు."

"వచ్చే సోమవారం విడుదల కావలసినవాడివి. ఇరవై ఏళ్ళు ఓపికపట్టి, తీరా గుమ్మం దాకా వచ్చి..." ఆమె గోరు తియ్యడం ఆపేసింది. "ఎవరి నేరం నెత్తినేసుకున్నావు?"

"ఎవరిదో. నేను లోపలికి రాకముందటి కేసు. నేరస్థుడు దొరకలేదని పక్కన పడేశారు."

"అబద్ధ సాక్ష్యం పాపమని చెప్పానా లేదా?"

"చెప్పారు. నేనెవరి మీదా చెప్పలేదుగా. నా మీద నేనే చెప్పుకున్నాను."

ఆమెకు ఒళ్ళు మండింది. "వేళాకోళం చాలు. ఎందుకు చేశావు?"

అతను తన వేళ్ళ వంక చూసుకుంటూ చెప్పాడు.

"బయట నాకెవరున్నారమ్మా? తమ్ముడు ఉత్తరానికి జవాబివ్వడు. మరదలు గుమ్మం తొక్కనివ్వదు. ఇక్కడైతే గురువారం మీరొస్తారు. 'వేళ్ళు చాపు నాయనా' అంటారు. ఇరవై ఏళ్ళలో నా చెయ్యి పట్టుకున్నది మీరొక్కరే. బేడీలు వేసేవాళ్ళు కాకుండా."

సిస్టర్ కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు కారాయి. అది చూసి అతను కంగారుపడ్డాడు. కొత్త కేసు మొదలైన దగ్గర్నుంచీ అతణ్ణి ఈ విడి గదిలోనే ఉంచారు. తోటి ఖైదీలతో మాట్లాడి చాలా రోజులైంది. తనే రెండో చెయ్యి ముందుకు చాపాడు.

"ఊరుకోండమ్మా. నిదానంగా తియ్యండి. ఇక మనకి తొందరేముంది?"

వార్డరు తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు.

"సిస్టర్, హాల్లో అంతా మీకోసం ఎదురుచూస్తున్నారు. రేపు మీరు ముసలి సిస్టర్ల ఆశ్రమానికి వెళ్ళిపోతున్నారుగా, వీడ్కోలు సభ మొదలుపెడదామంటున్నారు జైలరుగారు."