పై వాటాలో గంతులు

"టీచరమ్మా, ఇది ఇల్లా, సర్కస్ డేరానా?"

తలుపు బాదినవాడు కింది వాటాలో కుట్టు మిషన్ పెట్టుకున్న టైలరు. జుట్టు నిండా, భుజాల నిండా పైకప్పు సున్నం రాలి ఉంది. చేతిలో విరిగిన సూది.

లోపల ట్యూషన్ పిల్లలు ఏడుగురూ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి బిగుసుకుపోయారు.

"కాలరు కుడుతుంటే నెత్తిన దబ్బుమని ఒకటి! సూది పోయింది. వేలు పోలేదు, అదీ దేవుడి దయ."

"తప్పయింది బాబాయ్ గారూ," అంది టీచరు. "ఆటలు కావు. గుణింతాలు చెప్పిస్తున్నాను."

"గుణింతాలు కాళ్ళతో చెబుతారా?"

"ఒళ్ళంతటితో చెబుతారు. పొద్దంతా బడిలో కూర్చుని వచ్చినవాళ్ళు. మళ్ళీ కూర్చోబెడితే పుస్తకం మీదే నిద్రపోతారు. అందుకని ఎలా తిప్పాలో గట్టిగా చెబుతూ, చెయ్యంత అక్షరం గాలిలో రాయిస్తాను. తలకట్టుకి చేతులు నెత్తిన కలపాలి. గుడికి ఎగరాలి. అలా చేస్తే తలకెక్కుతోంది."

"వాళ్ళ తలకెక్కేది సరే, నా తల మీద రాలేది ఎవరు దులుపుతారు?"

పిల్లలు కిసుక్కుమన్నారు. టీచరు గబగబా ఒక చీటీ రాసి ఇచ్చింది. "రోజూ ఏ వేళకి చేయిస్తానో రాశాను. ఆ కాసేపు కొంచెం ఓర్చుకోండి."

అతను చీటీ విప్పకుండానే జేబులో కుక్కుకున్నాడు. "కాగితాలెందుకమ్మా? నోటితో చెప్పండి."

"ఐదు నుంచి ఐదున్నర. అంతే."

"చూద్దాం. ఇంటి ఓనరమ్మకి మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేశాను. ఆవిడ ఊరి నుంచి వచ్చాక మీరూ ఆవిడా తేల్చుకోండి," అంటూ దిగిపోయాడు.

రెండు వారాలు హాయిగా గడిచాయి. ఐదయ్యేసరికి కింద మిషన్ ఆగిపోయేది. పాపం, టీ తాగడానికి వెళుతున్నాడు కాబోలు, మనిషి మంచివాడే అనుకుంది టీచరు. ఒక్క చోట కుదురుగా ఉండదని అందరూ బొంగరం అని పిలిచే ఆరేళ్ళ పిల్ల కూడా అక్షరాలు తప్పుల్లేకుండా రాస్తోంది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. "ఏం మాయ చేశారండీ!" అంటూ టీచరు చేతులు పట్టుకుని మురిసిపోయింది.

అప్పుడొచ్చింది ఓనరమ్మ, కూతురి పురుడు ముగించుకుని. వస్తూనే పైకి ఎక్కింది.

"గంతులట, దుమ్మట, సూదులు విరగడమట! ఫోన్లో అంతా విన్నాను. ఇంకొక్క ఫిర్యాదు నా చెవిన పడిందంటే ఒకటో తారీకుకి ఖాళీ చేసెయ్యాలి. మొహమాటాల్లేవు."

మర్నాటి నుంచి పిల్లలు గోడ వారగా చాపల మీద కూర్చున్నారు. చప్పుడు లేదు. చదువూ లేదు. ఒకడు ఆవలిస్తే ఏడుగురూ ఆవలించారు. బొంగరం అక్షరాలు తలకిందులయ్యాయి. మూడో రోజు నర్సమ్మ మెల్లగా అంది: "ఏమీ అనుకోకండి. ఇది మళ్ళీ మొదటికొచ్చింది. ఈ నెలాఖరు దాకా చూస్తాను."

ఆమె మానిపిస్తే మిగతావాళ్ళూ మానిపిస్తారు. టీచరుకి ఉన్న ఆధారం ఆ ఏడుగురే. ఆ రాత్రి దేవుడి పటం ముందు నిలబడి చేతులు జోడించింది. "కదిలే కాళ్ళూ చేతులూ ఇచ్చిందీ నువ్వే. వాటిని కట్టేసి చదువు చెప్పమంటే ఎలా తండ్రీ? తప్పు నాదైతే నాకు తెలియజెయ్యి, కాకపోతే దారి చూపించు."

నాలుగో రోజు సరిగ్గా ఐదింటికి మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ముందు ఓనరమ్మ, వెనక టైలరు.

"వచ్చాడమ్మా ఈయన, మళ్ళీ ఫిర్యాదు పట్టుకుని," అంది ఓనరమ్మ రొప్పుతూ. "నీ ఎదుటే చెబుతాడట."

"నాలుగు రోజులుగా ఎవరూ అడుగైనా గట్టిగా వెయ్యలేదండీ! పిల్లల్నే అడగండి," అంది టీచరు.

"అదే నా ఫిర్యాదు," అన్నాడు టైలరు.

ఓనరమ్మ అతన్ని పైకీ కిందికీ చూసింది. "ఏది నీ ఫిర్యాదు?"

"చప్పుడు లేకపోవడం. మళ్ళీ ఎగరమని చెప్పండి."

"మతి గానీ పోయిందా? చప్పుడుకి కుట్టు సాగట్లేదని ఫోన్లో గోల పెట్టింది నువ్వు కాదూ?"

"నేనే. ఇప్పుడు ఎగరమంటున్నదీ నేనే."

"మరి సున్నం?"

"మిషన్ పైన దుప్పటి కట్టుకున్నానమ్మా. రాలితే అందులో రాలుతుంది."

"మీరూ మీరూ ఏమైనా చేసుకోండి. నన్ను మాత్రం ఇంకోసారి ఈ మెట్లు ఎక్కించకండి, నా మోకాళ్ళు అసలే అంతంత మాత్రం," అని సణుక్కుంటూ ఓనరమ్మ దిగిపోయింది.

అప్పటికే బొంగరం లేచి నిలబడింది. దాన్ని చూసి మిగతా ఆరుగురూ చాపలు చుట్టి మూల పడేశారు. గదికి ప్రాణం వచ్చినట్టయింది.

"సరే సరే, వరసలో నిలబడండి. ఏదీ, మొన్న ఎక్కడ ఆపాం?" అంది టీచరు నవ్వు ఆపుకోలేక.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ గుర్తులేదు.

గుమ్మంలో టైలరు ఇంకా కదలలేదు. ఓనరమ్మ నిజంగానే వెళ్ళిపోయిందా అని మెట్ల వైపు ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"'కు' దగ్గర టీచరమ్మా. కింద మీరు చెప్పినట్టే చేస్తూ, అందాకా గుడ్డ మీద సుద్దతో రాయడం నాకూ వచ్చేసింది. 'కూ'కి ఎగరాలా, వంగాలా?"