తాబేలవ్వ సలహా

"హలో, తాబేలవ్వా! తెక్కువీధి రాయప్పన్ని మాట్లాడుతున్నా."

"ఎవరూ, పోయిన వారం మా చెల్లెల్ని వలలోంచి వదిలిన రాయప్పనేనా?" రేడియోలోంచి బొంగురు గొంతు ఉరిమింది. "వల కోసి వదిలావా, రెక్క పట్టుకుని ఈడ్చావా? నిజం చెప్పు!"

"కోసే వదిలానవ్వా. కొత్త వల. అంతోనియారు స్వామి మీద ఒట్టు!"

వీధి వీధంతా గొల్లున నవ్వింది. రామేశ్వరం దీవిలో ఆ పల్లె పడవలు ఆదివారం కదలవు. చర్చిగుళ్లో పూజయి, అన్నాలు తినేసరికి అరుగుమీదికో రేడియో వచ్చి కూర్చుంటుంది.

సముద్రం చదువు చదివిన పొన్మలర్ టీచరమ్మ మొదట్లో తెర కట్టి తాబేళ్ల బొమ్మలు చూపిస్తే, చూడ్డానికి వచ్చినవి మేకలే. తర్వాత ఆవిడ గుడి వెనకున్న చిన్న రేడియో స్టేషన్లో తాబేలవ్వని కూర్చోబెట్టింది. అవ్వ తిడుతుంది. తిట్టించుకోవడానికి జనం ఎగబడతారు. ఇప్పుడు వలలో తాబేలు పడిందంటే చాలు, "అవ్వకి తెలిస్తే చంపుద్దిరోయ్" అంటూ కత్తి తీసి వల కోస్తారు. టీచరమ్మే గొంతు మార్చి మాట్లాడుతుందని ఊరందరికీ తెలుసు.

"ఇవాళ తాబేళ్ల సంగతి కాదవ్వా," అన్నాడు రాయప్పన్. "మా అమ్మ సంగతి. రేపు సాయంత్రం మా పాపకి జ్ఞానస్నానం. గుడికి ఎత్తుకెళ్లాల్సింది నాయనమ్మే. ఆవిడేమో నాతో మాట్లాడి ఏడాదైంది."

"ఏం పాపం చేశావురా?"

"కొత్త పడవ ముక్కు మీద మా ఆవిడ పేరు రాయించా."

"ఓరి నీ పడవ మునగ! కన్నతల్లి పేరేమైంది?"

"అమలోర్పవం. పొడుగు పేరవ్వా. పట్టదన్నాడు పెయింటరు."

"అయితే పెద్ద పడవ కొనాల్సింది!"

పక్కన పాపని ఊపుతున్న సహాయమేరి మొగుణ్ని మోచేత్తో పొడిచింది. "నా పేరు చెరిపెయ్యమని నెత్తీ నోరూ కొట్టుకున్నా. అదీ చెప్పు. అత్తయ్య రాకపోతే నేనూ గుడికి రాను. అదీ చెప్పు."

"విన్నాలేవే పిల్లా," అంది అవ్వ. "ఒరే, ఎవర్నన్నా పంపావా మీ అమ్మ దగ్గరికి?"

"ఫాదర్ని పంపా. మేనమామని పంపా. ఈవిడ సొరచేపతో సొరపుట్టు వండి పంపింది."

"తిందా?"

"గిన్నె కడిగి పంపింది."

"మరి నువ్వెళ్లావా?"

రాయప్పన్ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు. తుఫాన్లో పడవ నడిపినవాడు, ఆ గడప మాత్రం ఏడాదిగా తొక్కలేదు.

"వెళ్లి ఏం లాభమవ్వా? నాతో నోరు విప్పనని గుళ్లో ఒట్టేసుకుంది."

"ఒట్టు నోటికే కదరా! పిల్లని ఎత్తుకోనని కాదుగా?"

అరుగుల మీద చప్పట్లు మోగాయి. అవ్వ గొంతు తగ్గించింది.

"మేం ఇసకలో గుడ్లు పెట్టి సముద్రంలోకి పోతాం నాయనా. పిల్లల మొహం చూడం. రేపు నీళ్లలో ఎదురుపడ్డా ఇది నా బిడ్డేనని తెలీదు. మీ అమ్మ అట్లా పోలేదుగా? వీధి చివరే ఉందిగా? ఫాదర్లూ మేనమామలూ ఎందుకు, నువ్వే వెళ్లి పిలువు."

రాయప్పన్ లుంగీ ఎగ్గట్టాడు. "ఇదిగో, ఇప్పుడే పోతున్నా!"

"ఇప్పుడా?" అవ్వ తడబడింది. "ఒరే ఆగు, ఇప్పుడొద్దు... సాయంత్రం పో..."

ఫోను పెళ్లాం చేతిలో పడేసి అతనప్పటికే పరుగందుకున్నాడు. వెనక సగం వీధి నడిచింది.

తల్లి ఇంటికి తాళం.

"ఆదివారం మధ్యాహ్నం మీ అమ్మ ఇంట్లో ఎప్పుడుంది?" అంది పక్కింటి డెల్ఫీనా. "జపమాల పట్టుకుని ఎటో పోద్ది."

జనం నవ్వారు. రాయప్పన్‌కి రోషం వచ్చింది. ఏడాదికి ధైర్యం చేస్తే ఇదా! ఇలా పరిగెత్తించిన అవ్వనే అడగాలి, ఆ ఒప్పించేదేదో అవ్వే ఒప్పించాలి. తిన్నగా రేడియో స్టేషన్‌కి పోయాడు.

పొన్మలర్ గుమ్మంలో నిలబడి టీ తాగుతోంది.

"ఏం టీచరమ్మా, మీ మాట విని పోతే..." అంటూ ఆగిపోయాడు. లోపల అవ్వ ఇంకెవరినో దులిపేస్తోంది. "మీరిక్కడుంటే లోపల ఎవరు?"

"తర్వాత రా అన్నా. కార్యక్రమం నడుస్తోంది," పొన్మలర్ నవ్వు ఆపుకుంటూ గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

అతను ఆ చేతి కిందనుంచి దూరిపోయాడు. గదిలో పెద్ద ఇత్తడి బిందె, దాని మూతిలో మైకు. బిందెలో తల దూర్చి ఎవరో ముసలావిడ ఉరుముతోంది.

"అవ్వా, మా అమ్మ ఇంట్లో లేదు!" అన్నాడు.

బిందెలోంచి అమ్మ తలెత్తింది.