ఎత్తిన చెయ్యి

"మీలో గోల్ఫ్ ఆడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నేను స్కాట్లండ్‌లో ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు తెగ ఆడేవాణ్ణి."

కొత్త జి.ఎం. వెంకటనారాయణ గారు స్వాగత విందులో అలా అనగానే సత్యమూర్తి చెయ్యి పైకి లేచింది. బుర్రని అడక్కుండానే లేచింది. బైలదిల్లా కొండ కింద ఆ టౌన్‌షిప్‌లో గోల్ఫ్ కర్రని కళ్ళతో చూసినవాళ్ళే లేరు. ఇనుప గనిలో ఫోర్‌మన్‌గా చేసే సత్యమూర్తి కూడా చూడలేదు.

జి.ఎం. గారి ముఖంలో రంగు మారింది. సంతోషం కాబోలు అనుకున్నాడు సత్యమూర్తి.

ఇంటికొచ్చాక భార్య వరహాలమ్మ పట్టుకుంది. "మీకు గోల్ఫేటండీ? కేరమ్స్ ఆడితేనే స్ట్రైకరు కింద పడిపోతాది!"

"మన వైజాగ్ ట్రాన్స్‌ఫర్ కాగితం ఆయన బల్లమీదే ఉంది. ఆయన్ని మంచి చేసుకోవాలా, వద్దా?"

ఆవిడ ఏదో అనబోయింది. దగ్గు తెర అడ్డొచ్చింది. ఇక్కడి ఎర్రదుమ్ము ఆవిడకి పడదు. రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతుంది. ఆ దగ్గు వినలేకే సత్యమూర్తి వైజాగ్‌కి ట్రాన్స్‌ఫర్ అడిగాడు. దానికోసం ఒక అబద్ధమేం ఖర్మ, పది ఆడతాడు.

ఆదివారం గీదం బజారుకి పోయాడు. మద్దేడు నుంచి వచ్చి అక్కడ సీడీల కొట్టు పెట్టుకున్న ముత్తయ్య, అట్ట మీద పచ్చగడ్డి బొమ్మ ఉన్న ఒక చవక గోల్ఫ్ ఆట సీడీ తీసిచ్చాడు.

"రెండే తెచ్చిన సారూ. ఒకటి మొన్ననే అమ్ముడువోయింది. ఈ అడవిల గోల్ఫ్ ఎవలాడుతరో ఏందో!"

కూతురు హాస్టలుకి వెళ్ళాక గుడ్డ కప్పుకుని కూర్చున్న కంప్యూటరుకి మళ్ళీ ప్రాణం వచ్చింది. మొదటి షిఫ్టు దిగి అన్నం తినగానే సత్యమూర్తి దాని ముందు కూర్చునేవాడు. తెరమీద టోపీవాడు కర్ర ఎత్తుతాడు. గీత సరిగ్గా మధ్యకొచ్చినప్పుడు మౌసు నొక్కాలి. నొక్కితే బంతి లేస్తుంది.

చిక్కల్లా బ్లాస్టింగ్‌తోనే. రోజూ ఆ వేళకే కొండమీద రాయి పేలుస్తారు. బల్ల అదిరి, మౌసు జారి, బంతి వెళ్ళి చెరువులో పడుతుంది. మొదటి వారం చెరువంతా సత్యమూర్తి బంతులే. తర్వాత ఉపాయం దొరికింది. పేల్చే ముందు సైరన్ మోగుతుంది కదా. అది వినబడగానే కుడిచెయ్యి మౌసు మీంచి తీసి, గాల్లోకెత్తి, అదురు ఆగేదాకా అలాగే ఉంచడం.

అలవాటు ముదిరి, సైరన్ మోగితే పెరుగన్నం ముందు కూడా చెయ్యి లేచిపోయేది.

"తాళి కట్టినప్పుడు కూడా ఇంత జాగర్త పడలేదు మీరు," అని నవ్వేది వరహాలమ్మ.

ఓ రోజు కేంటీన్‌లో జి.ఎం. గారు మళ్ళీ స్కాట్లండ్ కబుర్లు మొదలుపెట్టారు. ఆయన ఈమధ్య భోజనానికి బంగ్లాకి వెళితే బ్లాస్టింగ్ అయ్యేదాకా రావడం లేదు. పెద్దవాళ్ళ భోజనాలు అంతే.

"అక్కడ ఏడో గుంత మహా కష్టమండీ. ఎడంపక్క చెరువు..."

"దానిమీద తెల్ల వంతెన కదండీ!" అన్నాడు సత్యమూర్తి ఉత్సాహంగా.

జి.ఎం. గారికి టీ పొలమారింది. "మీరూ... వెళ్ళారా?"

"చూశానండీ," అన్నాడు సత్యమూర్తి. అబద్ధం కాదు. ఆట తయారుచేసినవాళ్ళు అసలు మైదానాన్ని ఎంత బాగా దించారో అని మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఇద్దరు ఆటగాళ్ళుండగా గ్రౌండు లేకపోవడమేమిటని క్లబ్బువాళ్ళకి పౌరుషం వచ్చింది. డోజరు పెట్టి నేల చదును చేయించి, ఒక గుంత తవ్వి, జెండా పాతారు. పోటీ అన్నారు. ఒకసారి వాన అని జి.ఎం. గారు వాయిదా వేశారు. ఇంకోసారి మోకాలు నొప్పన్నారు. ఆ మోకాలికి సత్యమూర్తి మనసారా కృతజ్ఞుడై ఉన్నాడు. కానీ మోకాలైనా ఎన్నాళ్ళు కాపాడుతుంది?

ఆఖరికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరంతా కుర్చీలు వేసుకుని కూర్చుంది. జి.ఎం. గారు హైదరాబాదు నుంచి తెప్పించిన కర్రల సంచీకి ఇంకా ప్లాస్టిక్ కవరు ఉంది. సామాను ఎంత అపురూపంగా చూసుకుంటారో అనుకున్నాడు సత్యమూర్తి.

"ముందు మీరు కానివ్వండి, సత్యమూర్తి గారూ."

"అయ్యో, పెద్దవారు, ముందు మీరండీ."

"ఫరవాలేదు, మీరే."

"అమ్మమ్మ, తప్పండీ."

పెళ్ళివారి మర్యాదల్లా అది ఎంతకీ తెగలేదు. చివరికి జనం చప్పట్లు కొట్టడంతో జి.ఎం. గారు కర్ర పట్టుకుని బంతి ముందు నిలబడ్డారు. బంతిని చూశారు. జెండాని చూశారు. నుదుటి చెమట తుడుచుకున్నారు. మళ్ళీ బంతిని చూశారు.

కొండమీద సైరన్ మోగింది. గనికి ఆదివారం లేదు.

సత్యమూర్తి కుడిచెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. మౌసు పట్టుకున్నట్టు వేళ్ళు గుండ్రంగా ముడుచుకునే ఉన్నాయి. వెనకాల కుర్చీలో వరహాలమ్మ, "అయ్యో నా ఖర్మా!" అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. స్కాట్లండ్‌లో ఆడిన మనిషి ముందు ఇంక దాచేదేముంది? వైజాగ్ పోయింది. దీని దగ్గు తగ్గేది లేదు. సత్యమూర్తి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. దించుదామన్నా చెయ్యి దిగలేదు.

కొండ పేలింది. కాళ్ళ కింద నేల అదిరి ఆగింది.

సత్యమూర్తి మెల్లగా కళ్ళు తెరిచి చూసేసరికి, ఎదురుగా జి.ఎం. గారు కర్రని నేలమీద వదిలేసి, కుడిచెయ్యి గాల్లోకెత్తి, చూపుడువేలు నొక్కడానికి సిద్ధంగా వంచి, లేని బల్ల అదురు ఆగడం కోసం చూస్తున్నారు.