చేతులు వణికే మనిషి

చాంద్యా చేతిలోని టీ సగం చొక్కా మీదే ఒలికింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు సంగతి. వరంగల్ దవాఖాన వరండాలో అన్న బాల్‌సింగ్ ఆ చొక్కా తుడిచాడు.

చెవిలో ఎవరో తిడుతున్నారని చాంద్యా తండానంతా అల్లాడించాడు. గోలీలు మొదలుపెట్టాక తిట్లు ఆగాయి. మనిషి మాత్రం కొయ్యబారిపోయాడు. నవ్వడు, ఏడవడు. నాగలి పట్టమంటే నాగలి కన్నా బిగుసుకుపోతున్నాడని బాల్‌సింగ్ గొణిగాడు.

పక్క బల్ల మీది ముసలాయన మెల్లగా తల తిప్పాడు. ఆయన తిప్పేలోగా ఓ గూడ్సు బండి కేసముద్రం స్టేషను దాటిపోయి ఉంటుంది. ఆయన మొహమూ కొయ్యే. చేతులూ వణుకుతున్నాయి.

"గోలీలు బంద్ చెయ్యకు తమ్మీ. ఒళ్లు బిగుసుకుంటే దానికి వేరే గోలీ ఉంటది. డాక్టర్‌ను అడుగు."

"నువ్వు అడిగినవా?"

"అడిగిన. నావీ ఇవే గోలీలు. మునుపు ఇంకా వణికేటోన్ని."

బాల్‌సింగ్‌కు నవ్వొచ్చింది.

"మా తమ్మున్ని గూడ నీ లెక్క చేసుకోవాల్నా?"

ముసలాయనకు కోపం వచ్చిందో లేదో ఆ మొహంలో తెలియలేదు.

తిరుగుబస్సులో బాల్‌సింగ్ గోలీల పొట్లం కిటికీలోంచి విసిరేశాడు. గంగారంలో మంత్రాలేసే రాంజీ భగత్ ఉండగా దవాఖాన దేనికి? ఆయన పేరు వింటే దయ్యాలు అడవి దాటి గోదారిలో దూకుతాయట. తప్పిపోయిన ఎద్దు ఏ దిక్కున మేస్తుందో కూర్చున్న చోటే చెబుతాడట. మిరప తోట పని తీరాక తీసుకుపోదామనుకున్నాడు.

కొన్నాళ్లకు చాంద్యా నవ్వాడు. భార్య నీలిని పేరు పెట్టి పిలిచాడు. ఆమె ఆ రోజు బెల్లం అన్నం వండింది.

"చూసినవా, గోలీలే వీన్ని తిన్నయి," అన్నాడు బాల్‌సింగ్.

మిరపకాయలు ఎండేసరికి చెవిలో తిట్లు మళ్లీ మొదలయ్యాయి.

బండి కట్టి గంగారం బయల్దేరారు. అడవి నడుమ చాంద్యా బండి మీంచి దూకి పరుగెత్తాడు.

వాగులు వెతికారు. బావులు వెతికారు. దొరకలేదు.

తమ్ముడు ఏ దిక్కున పోయాడో అడగడానికి బాల్‌సింగ్ ఒక్కడే గంగారం చేరాడు. వాకిట్లో భగత్ భార్య మోతీబాయి జొన్నలు చెరుగుతోంది. వచ్చిన పని చెప్పాడు.

ఆమె చాట ఆపలేదు.

"దిక్కు చెప్పుడు ఎన్నడో ఇడిసిపెట్టిండు బిడ్డా. చెవిల మాటలు ఇనబడేటోళ్లు వస్తే దవాఖానకే పొమ్మంటడు. కూసో, పిలుస్త."

లోపలి నుంచి కాళ్లీడ్చుకుంటూ వస్తున్న చప్పుడు.

వణికే చేతులతో తలుపు పట్టుకొని బయటికొచ్చిన భగత్, దవాఖాన వరండాలోని ఆ ముసలాయనే. ఆయన బాల్‌సింగ్‌ను గుర్తుపట్టి, వెనక తమ్ముడు ఉన్నాడేమోనని మెల్లగా చూశాడు.