తోక పట్టి లాగితే

"పో బయటికి!" జయపాల్ చెల్లెలి ట్రంకుపెట్టెను గుమ్మంలోంచి వీధిలోకి లాగాడు. సుకుమారి రెండో పక్క పిడి వదల్లేదు.

"మొగుడు పోయినాడని సముద్రం ఒడ్డు నుంచి వచ్చి, ఈ ఉదయగిరిలో నా ఇంటికి అతుక్కున్నావు. నిన్న పిల్లోళ్లకు చెప్తా ఉంటివే, సొరచేపకు తల ఆనించి అంటుకోని ఊరేగే చిన్న చేప! అది నువ్వే!"

"ఆ చేప సంగతి సగమే విన్నావన్నా."

"మిగతా సగం ఏంది?"

"తోక పట్టి వెనక్కి లాగేకొద్దీ అది ఇంకా బిగించి పట్టుకుంటాది. ముందుకు తోస్తే చాలు, ఇట్టే వదిలేస్తాది." సుకుమారి తన పక్క పిడిని ఇంకా బిగించింది. "ఆత్మకూరు హాస్టల్లో నాకు వంటపని వచ్చినప్పుడు ఏమన్నావు?"

జయపాల్ పెట్టెను మళ్లీ లాగాడు.

"చర్చిలో నేను సంఘపెద్దను, నా చెల్లెలు ఊరోళ్ల పిల్లలకు గరిటె తిప్పితే పరువు పోతాదని తలుపుకు గొళ్లెం పెట్టినావు. ఇప్పుడు నన్ను వీధికీడ్చేటప్పుడు ఆ పరువు యాడికి పోయింది? లాగడమే తెలుసు నీకు. ఒక్కసారన్నా నన్ను ముందుకు తోసినావా?"

పెట్టెకు ఆ పక్క అన్న, ఈ పక్క చెల్లెలు. ముందుగా చెయ్యి వదిలింది జయపాలే.