ఏ దారిన వెళ్తున్నారు?

ఆ ముసలాయనను చూసి కుక్క మొరగలేదు.

దుల్మాకు గుండె ఝల్లుమన్నది అందుకే. కొత్తవాడిని చూసి కుక్క ఊరుకుందంటే, దాని నోరు కట్టే విద్య తెలిసినవాడన్న మాట. అది గుర్రాల దొంగలకే తెలుసని ఆమె నమ్మకం.

ఒక గుర్రమెక్కి, ఇంకో గుర్రాన్ని వెంట నడిపించుకుంటూ వచ్చాడు. రెండోదాని మీద జీను ఉంది. మనిషి లేడు.

ఖాళీ జీను గుమ్మం ముందుకు రావడం, అదీ కొడుకు ప్రయాణానికి ముందురోజు!

నాలుగు రోజులుగా ఆ గుడారంలో ప్రయాణం మాటలే. కొడుకు ఎనెబిష్ కొత్త ఏడాది వచ్చే తెల్లనెల పండగకు పెళ్ళాన్నీ, పసివాడినీ వ్యానులో కూర్చోబెట్టుకుని కొండ అవతల ఉన్న అత్తవారింటికి వెళ్తున్నాడు. చలి తగ్గినట్టే తగ్గి మనుషులను పొట్టన పెట్టుకునే రోజులవి. కొండ మీంచి పోయే కనుమ దారి దగ్గర. ఏటి దారి చుట్టు. కనుమ అన్న మాట వినగానే దుల్మా తిండి మానేసింది. చివరికి కొడుకే దిగివచ్చి, ఏరు గడ్డకట్టి బండలా ఉంది, ఏటి వెంబడే పోతాం, ఇక తిను అన్నాడు.

పుట్టినవాళ్ళెవరూ దక్కక, చివరికి మిగిలినవాడు ఎనెబిష్. దయ్యాలు పోల్చుకోకూడదని ‘ఇది కాదు’ అని అర్థం వచ్చే ఆ పేరు పెట్టుకుంది. ఇప్పుడు మనవడి ముక్కు మీద పొయ్యి మసి రాస్తోంది.

“అత్తయ్యను కదిలించకు. వ్యానుకు కూడా మసి పూస్తుంది” అని కోడలు ఉయాంగా మొగుడితో నవ్వింది.

వాళ్ళిద్దరూ బయట మూటలు కడుతుండగా ముసలాయన లోపలికి వచ్చాడు. ఈ చలికాలమే ఈ వైపు గుడారం వేసుకున్నారు కనుక ఆయనెవరో వాళ్ళకు తెలియదు. గుమ్మంలోకి వచ్చినవాడిని పొమ్మనకూడదు. దుల్మా పొయ్యిలోకి రెండు పిడకలు తోసి, ఉప్పు వేసిన పాల టీ గిన్నెలో పోసి ఇచ్చింది. ఎప్పుడో మంచు కొరికి ఆయన చెంప నల్లగా మాడిపోయి ఉంది. మనుషుల ముఖాలు చూడడు. తెరిచిన తలుపులోంచి వ్యాను వంకే చూస్తున్నాడు.

దుప్పట్లు సరిపడా పెట్టారా అని అడిగాడు. ఎంతమంది అని అడిగాడు. ఎప్పుడు బయలుదేరతారని అడిగాడు.

మూటలు కనబడుతూనే ఉన్నాయి. ఏం దాచగలదు? రేపు పొద్దున్నే అంది.

“ఏ దారిన చెల్లెమ్మా?”

వ్యాను నిండా పండగ కానుకలు. ఒంటరి దారి. పచ్చి బాలింత. దారి చెప్పడమంటే, వెళ్ళి దారి కాయమని చెప్పడమే.

“కనుమ దారిన” అంది దుల్మా.

ఆయన చేతిలో గిన్నె ఆగిపోయింది.

“పసివాడితోనా? ఏటి దారిన పొమ్మని చెప్పరాదా?”

“మావాడు మొండివాడు. నా మాట వినడు.”

“వినరు” అన్నాడు ముసలాయన. గిన్నె కింద పెట్టాడు. “సరే. కనుమ దారి. గుర్తుపెట్టుకుంటాను.”



ఆయన వెళ్ళాక ఎవరని అడిగాడు కొడుకు. దొంగలా ఉన్నాడురా అంది.

“నీ కంటికి దొంగ కానివాడెవడమ్మా? నేనొక్కడినే మిగిలాను” అని వాడు చక్రాలు చూసుకోవడానికి పోయాడు.

తాను అబద్ధమాడిన సంగతి ఆమె చెప్పలేదు. చెబితే దాని బలం పోతుందేమోనని భయం.

మర్నాడు క్షేమంగా చేరాలని వ్యాను వెనుక పాలు చిలకరించి సాగనంపింది. మధ్యాహ్నానికి కొండల వెనుక ఆకాశం తుప్పు రంగుకు తిరిగింది. గాలి లేచింది. గొర్రెలు ఒకదాని కిందికి ఒకటి దూరుతున్నాయి. వాటిని దొడ్లోకి తోలుతున్న దుల్మా తలెత్తి చూస్తే, ఎగిరే మంచులో రెండు గుర్రాలు కనిపించాయి. కనుమ వైపు పోతున్నాయి.

కేక వేస్తే వినిపించేంత దూరమే.

ఆమె వెయ్యలేదు. పో, కనుమ మీద ఏం దొరుకుతుందో ఏరుకో, అనుకుంది. ఆ అబద్ధం తన నోట పలికించిన దేవతకు దణ్ణం పెట్టుకుంది.

తుఫాను వెలిసిన పొద్దున్నే వ్యాను వెనక్కి వచ్చింది. ఏటి మలుపులో ఎవరిదో గుడారం కనబడితే అందులో తలదాచుకున్నారట. ముందుకు దారి మూసుకుపోయిందట. దుల్మా మనవడిని లాక్కుని నెత్తి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

ఎనెబిష్ మాత్రం టీ గిన్నె తాగకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఏమైందిరా అంది.

రెండు దారులూ కలిసేచోట జనం గుమిగూడారని చెప్పాడు. కనుమ మీంచి ఒక ముసలాయనను దించుకొచ్చారట. బిగుసుకుపోయి ఉన్నాడట. ఎవరో పసివాడితో పైన చిక్కుకున్నారని దారిలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పి, తుఫానులోకి ఎక్కిపోయాడట. కనుమంతా గాలించారు, అక్కడ ఎవరూ లేరన్నాడు.

“మతి చలించినవాడేమో” అంది ఉయాంగా.

“నేనూ అదే అడిగాను” అన్నాడు ఎనెబిష్.

దుల్మా మనవడిని ఇంకా గట్టిగా హత్తుకుంది.

“కాదట. ఆయన కొడుకు ఇలాంటి తుఫానులోనే పోయాడట. వాడు ఏ దారిన వెళ్ళాడో చెప్పేవాళ్ళు లేక మంచు కరిగేదాకా దొరకలేదట. అప్పటినుంచీ ప్రయాణమున్న ప్రతి ఇంటికీ వెళ్ళి దారి అడిగి ఉంచుకుని, గాలి లేస్తే వాళ్ళను ఇంటికి తీసుకురావడానికి వెళ్ళే మనిషటమ్మా.”